పన్నెండో నంబర్ మగ్గం ఆగిన చోట

ఆ పాటలో రెండు నిమిషాల పద్నాలుగు సెకన్ల దగ్గర అన్నీ ఆగిపోతాయి. గిటారు, డ్రమ్ములు, మా అమ్మాయి అభిరామి గొంతు, అన్నీ. పదకొండు సెకన్లు ఏమీ వినిపించదు. "ఇక్కడ ఆడియో కట్ అయింది బ్రో, సరిచేయండి" అని యూట్యూబ్‌లో ఇప్పటికీ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. సరిచేయాల్సిందేమీ లేదు. అది ఎలా వచ్చిందో దగ్గరుండి చూశాను. పైగా ఆ పాటకు సంబంధించి మొదటి తప్పు చేసింది నేనే.

మా ఇంటి వెనక పవర్‌లూమ్ షెడ్డు ఉండేది. ఆస్పత్రులకు వెళ్లే బ్యాండేజీ గుడ్డ నేసేవారు. ఏడాదిన్నర క్రితం మావారు దాన్ని మూసేశారు. మూతబడ్డ షెడ్డులోనే, మగ్గాల పక్కన, అభిరామి, దాని కాలేజీ స్నేహితులు ఇద్దరు పాటలు సాధన చేసుకునేవారు. హరిహరన్ గిటారు, జెగదీశ్ డ్రమ్ములు. బ్యాండు పేరు 'నల్ల నూలు'. హెవీ మెటల్ అంటే గొంతు చించుకోవడమే అనుకుని మొదట్లో అభిరామికి మిరియాల పాలు కాచి ఇచ్చేదాన్ని. ఊపిరి ఎక్కడ పట్టాలో, ఎక్కడ వదలాలో లెక్క పెట్టుకుని అరుస్తుందని తర్వాత గమనించాను. పాలు మానేశాను.

జెగదీశ్ వాళ్లమ్మ పరమేశ్వరి మా షెడ్డులోనే ఇరవై రెండేళ్లు నేసింది. ఆమెకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం. ఎలా పోయిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ పైకి అనం.

మగ్గాలను పాత ఇనుముకు ఇచ్చేశామనీ, శుక్రవారం పన్నెండు గంటలకు లారీ వస్తుందనీ తెలిసిన రోజు జెగదీశ్ నా దగ్గరికి వచ్చాడు.

"ఆంటీ, అవి పోయేలోపల ఒకటి ఓట్టి రికార్డు చేసుకుంటాము. ఆ చప్పుడు మీదనే పాట కట్టాల. మా అమ్మ అది తన తరి అని గుర్తుపట్టాల. అంతే."

తరి అంటే మగ్గం, ఓట్టడమంటే నడపడం. సరేనన్నాను. తలుపు పక్కనే ఉంది, దుమ్ము లేదు అని మూడో నంబర్ మగ్గాన్ని నేనే చూపించాను. సోమవారం రికార్డు చేసి నాకు వినిపించారు. వంటింటి గోడ అవతల నుంచి ఇన్నేళ్లు విన్నదాన్ని కదా. "ఇదే" అన్నాను, క్షణం ఆలోచించకుండా.

మర్నాడు పొద్దున పరమేశ్వరి వచ్చింది.

"ఏం రికార్డు చేసినారమ్మా? వాడు స్పీకర్ నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. అది వట్టి తరి గదా. నూలే లేదు!"

"చప్పుడు చప్పుడే కదా, పరమేశ్వరీ?" ఆమె కుడివైపుకు వెళ్లి గట్టిగా అన్నాను.

"బియ్యం వేసిన కుక్కరూ, చుమ్మా వట్టి నీళ్లు పోసిన కుక్కరూ మీకు ఒకటేనామ్మా?"

పప్పు ఉడికిందో లేదో మూత తీయకుండా చెప్పగలనని ఇంట్లో నాకు పేరు.

ఆమె నేరుగా షెడ్డు చివరికి వెళ్లి, తను ఎప్పుడూ నేసిన పన్నెండో నంబర్ మగ్గం మీద కప్పిన పట్టా లాగేసింది. షెడ్డు మూసిన రోజు సగంలో ఆగిన గుడ్డ దాని మీద అలాగే ఉంది. నూలు ఎండిపోయి చాలాచోట్ల తెగింది. పరమేశ్వరి మంగళ, బుధ, గురువారాలు మధ్యాహ్నం వచ్చి ఒక్కొక్క పోగూ ముడి వేసింది. నేను నూనె డబ్బా, టీ అందించాను. నాలుగు ముడులు వేసి చూశాను. నాలుగూ ఆమె విప్పేసి మళ్లీ వేసింది.

"ఊరికే టీ ఇస్తా ఉండండమ్మా" అంది, నవ్వుతూ.

శుక్రవారం పదకొండుకు మైకులు పెట్టారు. పరమేశ్వరి పిడి లాగింది. నేల అదిరింది. సోమవారం విన్నది ఇనుము ఇనుముకు కొట్టుకున్న చప్పుడని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ప్రతి దెబ్బా గుడ్డకు తగిలి లోపలికి దిగుతోంది. జెగదీశ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

రెండు నిమిషాలు దాటాక పరమేశ్వరి పిడి వెనక్కి తోసి మగ్గాన్ని ఆపేసింది.

జెగదీశ్ రెండు చేతులూ పైకెత్తి 'ఏంటి' అన్నట్టు ఊపాడు. రికార్డింగు నడుస్తోందని అభిరామి వాడి చొక్కా పట్టుకుని లాగింది. పరమేశ్వరి ఎవరినీ చూడలేదు. వంగింది, తెగిన పోగు వెతికింది, ముడి వేసింది, పిడి లాగింది. మగ్గం మళ్లీ మొదలైంది. ఇంకో నిమిషం నడిచేసరికి గేటు దగ్గర లారీ హారన్ కొట్టింది. చెప్పిన వేళకన్నా ముందే వచ్చారు.

"ఎందుకమ్మా నిలిపినావు?" జెగదీశ్ హెడ్‌ఫోన్స్ లాగేశాడు.

"దారం తెగినాది."

"తెగితే తెగినాదిలే! ఈ గుడ్డ ఇంక ఎవురికి కావాల?"

"ఎవురికీ వద్దంటే? తెగిన దారంతో తరిని ఓట్టేదా? గుడ్డంతా గీత పడుతాది గదరా."

ఇంకొక్కసారి తీసుకోనివ్వమని మావారిని అడిగాను. ఆయన లారీవాళ్లతో మాట్లాడారు. వాళ్లు అప్పటికే మూడో నంబరు బోల్టులు విప్పుతున్నారు, మెయిన్ స్విచ్ తీసేశారు. జెగదీశ్ నేల మీద కూలబడ్డాడు.

"ఆ సందు కోసేసి అతికిస్తాములే మచ్చాన్, ఎవురికీ తెలీదు" అన్నాడు హరిహరన్.

అతికించారు. దాని మీద డ్రమ్ములు, గిటారు, అభిరామి గొంతు చేర్చారు. మూడు వారాల తర్వాత మా హాల్లో నాకు వినిపించి, "ఎట్లుంది ఆంటీ?" అన్నాడు జెగదీశ్. బాగుంది. నిజంగానే బాగుంది. కానీ ఈసారి 'ఇదే' అనలేదు.

"మీ అమ్మను పిలువు" అన్నాను.

పరమేశ్వరి సోఫా అంచున కూర్చుని స్పీకర్‌ను ఒళ్లో పెట్టుకుంది. పాట అయ్యేదాకా కదల్లేదు.

"నా తరే" అంది. వాడి ముఖం వెలిగేలోపే, "నేను నిలిపినాను గదా, అదెక్కడ?" అని అడిగింది.

"అది తీసేసినామమ్మా."

"ముడి వేయకుండానే మళ్లీ నడిచినాదా అయితే?"

జెగదీశ్ హరిహరన్ వైపు చూశాడు. హరిహరన్ ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆ పదకొండు సెకన్లనూ తిరిగి ఉన్నచోట పెట్టడానికి, అక్కడ మిగతావన్నీ ఆపడానికి గంటన్నర పట్టింది. పరమేశ్వరి వెళ్లకుండా నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచింది.

మళ్లీ వేశారు. స్పీకర్ ఆమె ఒళ్లో. రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లకు అన్నీ ఆగిపోయాయి. హాల్లో ఫ్యాన్ చప్పుడు మాత్రం మిగిలింది. పరమేశ్వరి కుడిచేయి స్పీకర్‌ను వదిలింది. బొటనవేలూ చూపుడువేలూ గాలిలో కలిసి, ఒకసారి తిరిగి, బిగిశాయి. ఆ చేయి పక్కకు వెళ్లి, అక్కడ లేని పిడిని పట్టుకుని లాగింది.

సరిగ్గా అప్పుడే పాట మొదలైంది.