పుస్తకంలో లేని తుపాకి

ఖాజాగూడ సిగ్నల్ దగ్గర కారు ఆగి ఏడు నిమిషాలైంది. ఏసీ బాగానే పనిచేస్తోంది, అయినా నితీష్ చొక్కా తడిసిపోయింది. ఫోన్లో అవతలి వైపు నుంచి వెంకటరామయ్య అడిగిన ప్రశ్న అలాంటిది.

"ఇప్పుడెక్కడున్నాయండీ అవి?"

"కార్లోనే సార్. మీ దుకాణానికే తెస్తున్నం."

అబిడ్స్‌లో వెంకటరామయ్యకు తుపాకుల దుకాణం ఉంది, పాతవి కొంటాడు, అమ్ముతాడు. పోయిన తండ్రి లింగమూర్తి తుపాకులు అమ్మేస్తామని నితీష్ నిన్న ఫోన్ చేస్తే, "లైసెన్స్ పుస్తకం తీసుకుని రండి, చూద్దాం" అన్నాడు. నితీష్ పుస్తకంతో పాటు తుపాకులు కూడా వేసుకుని బయల్దేరాడు. ఫోటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టి పాత సోఫా అమ్మిన చేయి కదా, తుపాకి కూడా అంతే అనుకున్నాడు.

"ఆ లైసెన్స్ మీ నాన్నగారిదండీ. ఆయనతోనే దాని పని అయిపోయింది. ఇప్పుడు మీరు లైసెన్స్ లేని ఆయుధాలు కార్లో పెట్టుకుని తిరుగుతున్నట్టు. కొడుకునని చెబితే ఎవరూ వినరు. నేరుగా స్టేషన్‌కి వెళ్ళి అప్పజెప్పి రశీదు తీసుకోండి. తర్వాత వారసులంతా సంతకాలు పెట్టి అమ్మకానికి అనుమతి తెచ్చుకుంటే, అప్పుడు నేను కొంటాను. పుస్తకంలో రెండేగా ఉన్నాయి?"

"రెండే సార్."

"తెచ్చినవీ రెండేగా?"

నితీష్ అద్దంలో వెనక సీటు చూశాడు. తల్లి నీలమ్మ పాత చీరలో చుట్టిన పొడుగాటి మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మిగతా రెండూ డిక్కీలో వేస్తే ఊరుకుంది గానీ, దీన్ని మాత్రం డిక్కీలో వేయనివ్వలేదు.

"మూడు" అన్నాడు.

"మీరు చెప్పలేదు, నేను వినలేదండీ" అని వెంకటరామయ్య ఫోన్ పెట్టేశాడు.

ఆ మూడోది తాత నాటి భర్మార్, గొట్టం మూతి నుంచి మందు దట్టించి కాల్చే నాటు తుపాకి. ఇప్పుడు పుప్పాలగూడలో నలభై అంతస్తుల టవర్లున్న చోట ఒకప్పుడు వీళ్ళ జొన్నచేలు ఉండేవి. చేలోకి అడవి పందులు రాకుండా కాపలాకి తాత దాన్ని భుజాన వేసుకుని తిరిగేవాడు. తాత పోయాక లింగమూర్తి దాన్ని పూజగదిలో చేర్చాడు. లైసెన్స్ కొత్తది చేయించుకునేటప్పుడల్లా డబుల్ బ్యారెల్, రైఫిల్ మాత్రమే చూపించేవాడు. ఇదేమిటని ఇంట్లోవాళ్ళు అడిగితే "దేవునికి లైసెన్స్ ఏందిరా!" అని నవ్వేవాడు. ఆ నవ్వు ఇవాళ కొడుకు మెడకు చుట్టుకుంది.

ఆ ఇంట్లో ఖాళీ తుపాకికి మొక్కే అలవాటు లేదు. ఆయుధపూజ నాడు మందు దట్టించి, ఘోడా అనే సుత్తి కింద, దెబ్బ పడితే నిప్పు పుట్టించే రాగి టోపీ పెట్టి, పసుపు పూసి, దారం చుట్టి పీట మీద ఉంచేవారు. మందు పోయడం ఇంటి కోడలి పని, తీయడం యజమాని పని. దసరా తెల్లారి తాతైతే చేలో గాల్లోకి కాల్చేవాడు. చేలు పోయాక లింగమూర్తి మేడ మీద కూర్చుని ఓపిగ్గా మందు బయటికి తీసేవాడు. నితీష్ మాత్రం ఆ సెలవులన్నీ నిద్రకే ఖర్చుపెట్టాడు. ఈసారి దసరా సాయంత్రం లింగమూర్తి జమ్మి పంచివచ్చి, చెప్పులు విడుస్తూనే గుమ్మంలో కూలిపోయాడు. మైల వచ్చిందని పూజగది మూసేశారు. అది జరిగి నెల దాటింది; ఇవాళ పొద్దున నీలమ్మే తలుపు తీసి దాన్ని చీరలో చుట్టి తెచ్చింది.

ముందు ఫ్లైఓవర్ కింద పోలీసులు బండ్లు ఆపి చూస్తున్నారు. కేసంటూ పడితే ఉద్యోగం ఉండదు. మీ మీద కేసులేమైనా ఉన్నాయా అని కంపెనీలో ఏటా సంతకం తీసుకుంటారు. సిగ్నల్ పడగానే ఎడమకు తిప్పాడు.

"అమ్మా, దాన్ని నాలాలో పారేద్దామా?"

"మీ నాయిన పెట్టిన బొట్టు ఇంక దాని మీదనే ఉన్నది రా. ఎట్ల పారేస్తవు?"

"అయితే స్టేషన్ల ఒక్క మాట చెప్పు చాలు. ఇది పనిచెయ్యది, పూజకే పెట్టుకున్నం అను. ఇంకేం మాట్లాడకు."

"పనిచెయ్యదని చెప్పాల్నా?"

"గంతే."

కారు స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగింది. నీలమ్మ మూట మీదికి వంగిపోయి, "జర మెల్లగ పోరాదురా!" అని అరిచింది.

"నన్ను ఇంక పరేషాన్ చెయ్యకమ్మా!" అని నితీష్ కసిరాడు. ఆమె ఇంకేదో చెప్పబోయి ఆపేసింది. ఎందుకు అంత బిగుసుకుపోయిందో అడగాలన్న ఆలోచన కూడా అతనికి రాలేదు. భయం పట్టిన మనిషికి తన భయం తప్ప ఎదుటివాళ్ళది కనిపించదు.

స్టేషన్లో ఎస్సై ఓంకార్ చిన్నవాడు, నెమ్మదస్తుడు. రెండు తుపాకుల నంబర్లు పుస్తకంతో సరిచూసుకున్నాడు. "ఆయన పోయిన వెంటనే తెచ్చి ఇయ్యాల్సింది. నెల దాటిందాకా ఏం చేసిన్రు?" అని అడిగాడు.

"తెల్వక సార్."

"సరే. ఆ మూటల ఏముంది?"

నీలమ్మ చీర విప్పి తుపాకిని బల్ల మీద పెట్టింది. మూతి గోడవైపు ఉండేలా రెండుసార్లు సర్దింది.

"పాతది సార్, పనిచెయ్యది. పూజకే పెట్టుకున్నం" అన్నాడు నితీష్.

"నిజమేనా అమ్మా?"

నీలమ్మ కొడుకు ముఖం చూసింది. "పనిచెయ్యది సారూ" అంది.

ఎస్సై ఆలోచించాడు. పనిచేయని పాత వస్తువైతే, తెలియక ఉంచుకుని తామే తెచ్చి అప్పజెప్పారని రాసి పైవాళ్ళకు చెప్పి చూస్తానన్నాడు. నితీష్‌కు ప్రాణం లేచి వచ్చింది. ఒక్క కాగితం, ఒక్క సంతకం, అంతటితో అయిపోతుంది.

రాసుకోవడానికి వచ్చిన కానిస్టేబుల్ మల్లయ్య తుపాకి చూసి మురిసిపోయాడు. "మా తాతకు గిసొంటిదే ఉండె సార్" అంటూ రెండు చేతులా ఎత్తాడు. బరువు చూశాడు. పసుపు దారం అడ్డమొస్తే పుటుక్కున తెంపాడు. బొటనవేలితో ఘోడాను వెనక్కి లాగి పట్టుకుని, నవ్వుతూ పక్కకు తిరిగాడు. తుపాకి మూతి నితీష్ ఛాతీకి ఎదురుగా వచ్చింది.

"కాల్చాల్నా తమ్మీ?"

"వద్దయ్యా!" నీలమ్మ కేక స్టేషనంతా వినబడింది. "మందున్నది దాంట్ల! వేలు తియ్యకు, నీ కాళ్ళు మొక్కుత, మందున్నది!"

మల్లయ్య నవ్వు ముఖం మీదే గడ్డకట్టింది. ఘోడాను ఆపుతున్నది అతని బొటనవేలొక్కటే, వదిలితే అంతే సంగతులు. ఎస్సై లేచి, ఒక చేత్తో గొట్టాన్ని పైకప్పు వైపు లేపి, రెండో చేత్తో మల్లయ్య వేలి మీంచే ఘోడాను పట్టుకున్నాడు. పసుపు కింద రాగి టోపీ కనబడింది. దాన్ని గోటితో పెకలించి తీసి, ఆ తర్వాతే ఘోడాను మెల్లగా దించాడు. సన్నటి కడ్డీ తెప్పించి గొట్టంలో పెడితే, అది అడుగుదాకా పోకుండా బెత్తెడు ముందే మందుకు తగిలి ఆగిపోయింది.

నితీష్ గోడకు ఆనుకున్నాడు. కారు ఎక్కిన ప్రతి గతుకూ అతనికిప్పుడు ఒక్కొక్కటిగా గుర్తొస్తోంది. అంతసేపూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది అమ్మ.

"మందు ఎవరు పోసిన్రు?" ఎస్సై గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు.

"నేనే సారూ" అంది నీలమ్మ. "మా ఇంట్ల పోసుడు ఆడోళ్ళ పని. తీసుడు ఆయన పని. ఆయన పోయిండు. తీసే ఇగురం నాకు తెల్వది. ముట్టుకుందామంటె మైల, ఎవలకన్న చెబుదామంటె భయం."

"ఆయన తర్వాత తీసుడు ఎవరి పని?"

నీలమ్మ తెగిన పసుపు దారాన్ని ఏరుకుంది. కొడుకువైపు చూడలేదు. మందు తీయాల్సినవాడు తనేనని నితీష్‌కు అర్థమైంది. నెల రోజుల్లో ఒక్కసారైనా పూజగది తలుపు తీసి చూడనివాడు, అమ్మ నోట అబద్ధం పలికించినవాడు తనే. నోరు తెరిచాడు. ఉద్యోగం గుర్తొచ్చింది.

ఎస్సై ఇందాకటి కాగితం చింపేసి, కేసు రాయడానికి కొత్తది ముందుకు లాక్కున్నాడు. "ఇన్ని రోజులు ఈ తుపాకి ఎవరి దగ్గర ఉన్నట్టు రాయాలె?"

"నా దగ్గర" అంది నీలమ్మ.

"నా దగ్గర సార్" అన్నాడు నితీష్, ఒక్క క్షణం ఆలస్యంగా.

ఎస్సై ముందు వినబడిన గొంతు వైపే తిరిగి, ఆమె పేరు రాసుకున్నాడు.