ఓస్మార్ కాపలా కాసిన యంత్రం

జురందిర్‌కు చేతులు ఊరుకోవు, అదే ఓస్మార్ బాధ. కాంపినాస్ నగరంలోని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో అందరూ తాకడానికి జంకే కొలత యంత్రం మీద కూడా వాడు మోచెయ్యి ఆనించే మాట్లాడతాడు.

"లెయ్ బావా. అది కొలతలో ఉంది."

"మోచెయ్యి పెడితే దానికి ఆయాసమొస్తుందా? నీ పెళ్ళాన్ని కూడా ఇంత కాపలా కాయలేదు నువ్వు."

"అందుకే పోయింది," అన్నాడు ఓస్మార్, తెర మీంచి కళ్ళు తియ్యకుండా.

ఓస్మార్ ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంటుంది. బస్సు డిపోలో ఇంజన్ల కింద పడుకుని గడిపిన వయసు మిగిల్చిన వంకర అది. డిపో మూతపడ్డాక ఇక్కడ వైర్లు లాగే పనిలో పెట్టించింది జురందిరే; ఈ యంత్రం ఆ తర్వాత చేతికొచ్చింది. కూతురు రోజిలేని బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడి బిడ్డను ఎత్తుకున్నదీ వాడే. ఆ రోజు నుంచే ఈ బావ వరస.

కంపెనీ అమ్మేది ఒక కంప్యూటర్ కడుపులో పది కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేర్. దానికి కొత్త రూపు వచ్చినప్పుడల్లా ఓస్మార్ అదే యంత్రం మీద, అంతే బరువు మోపి పరుగెత్తిస్తాడు. పాత రూపు పరుగుకు పట్టిన సమయమే గీత. గీత కంటే ఆలస్యమైతే ఎర్ర గుర్తు. సరుకు గడప దాటదు. గీత గీసేటప్పుడు యంత్రం మీద మరో పని నడవకూడదు. నడిస్తే పరుగు నెమ్మదించి గీతే తప్పుగా పడుతుంది. అందుకే పాస్‌వర్డ్ ఓస్మార్ ఒక్కడికే ఇచ్చారు. ఎవరికీ చెప్పకూడదు. బావకు చెప్పాడు.

ఆ ఉదయం ఒక బ్యాంకు మొత్తుకుంది, కొత్తది వేశాక కౌంటర్లన్నీ నత్తల్లా పాకుతున్నాయని. ఓస్మార్ పరీక్షలో అది పచ్చగా నెగ్గిన సరుకే. పాతదాన్ని తీసి మళ్ళీ పరుగెత్తించాడు. గీత కంటే ఎంతో ముందు చేరింది. అంటే గీతే తప్పుగా పడింది. జురందిర్‌ను మెట్ల దగ్గరికి పిలిచాడు.

"గీత గీసిన రోజు దాని మీద ఇంకేదో నడిచింది. నేను కాదు."

జురందిర్ మెడ గోక్కున్నాడు. "నా పనొకటి తోశాను బావా. నా కంప్యూటర్ డబ్బా కదిలి చావలేదు. సాయంత్రం ఫుట్‌బాల్ ఉంది కదా, పెందరాళే పోదామని."

"నాతో ఒక్క ముక్క చెప్పొద్దూ?"

"చెప్తే ఒప్పుకునే మొహమేనా నీది? దీని మీద మీటింగు పెడతారుగా, అక్కడ నేనే చెప్తాలే. నువ్వు నోరెత్తకు. పాస్‌వర్డ్ ఇచ్చావని తెలిస్తే నీకూ మూడుతుంది."

ఓస్మార్ తలూపాడు. బిడ్డను ఎత్తుకున్న చేతులు మరి.

మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర అన్నం, నల్ల చిక్కుడు గింజల కూర తిన్నారు. జురందిర్ తన పళ్ళెంలోని మాంసం ముక్క ఏరి ఓస్మార్ పళ్ళెంలో వేశాడు.

"ఆ రోజు యంత్రం మీద పనిచేసిందెవరు?" మీటింగులో మేనేజరు దోనా మార్లూసి అడిగింది.

"ఏమోనండి," అన్నాడు జురందిర్. "ఓస్మార్ ఎవర్నీ దాని దగ్గరికి రానీడు కదా. మోచెయ్యి పెడితేనే మీద పడతాడు."

ఒకరిద్దరు నవ్వారు.

"ఇటు చూసి చెప్పు, బావా," అన్నాడు ఓస్మార్.

జురందిర్ నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"పాస్‌వర్డ్ నీ దగ్గరే కదా ఉండేది, ఓస్మార్?" అంది మేనేజరు.

"ఇతనికి చెప్పాను."

"నాకా?" అన్నాడు జురందిర్, నిజంగానే ఆశ్చర్యపోయినట్టు.

దోనా మార్లూసి కళ్ళజోడు తీసింది. "చెప్పకపోతే తప్పు నీది. చెప్పినా తప్పు నీదే. రేపట్నుంచి రాకు."

ఓస్మార్ తన పని బల్ల దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. మెట్లు దిగి, గుర్తింపు కార్డు గేటు కాపలావాడి చేతిలో పెట్టి, ఎండలోకి నడిచాడు. లోపల, మరోసారి సరిచూద్దామని అతను తోసిన పాత రూపు ఇంకా పరుగెడుతూనే ఉంది. పక్కన, మీటింగుకు వెళ్ళేముందు అలవాటుకొద్దీ జురందిర్ కోసం పోసి, వాడికి ఇష్టమైనంత చక్కెర కలిపి, చల్లారకుండా సాసరు మూతపెట్టిన కాఫీ కప్పు.