పసుపు మీద ఎర్రక్షరాలు

వారం రోజులుగా తన వెనక ఏదో గూడుపుఠాణి నడుస్తోందని పెద్దాయనకు గట్టి అనుమానం. పెద్దాయనంటే మంచం పట్టిన ముసలాయన అనుకునేరు! ముప్పై ఏళ్ళు ఆఫీసు కార్లు నడిపిన డ్రైవరు. ఇప్పుడు సొంత పాతకారులో రోజూ భార్యను ఆవిడ కుట్టుమిషన్ల కొట్టుకు తీసుకెళ్ళి, అక్కడే కూర్చుని, సాయంత్రం వెంట తీసుకొస్తుంటాడు.

లేకపోతే ఏమిటండీ? నిన్నమొన్నటిదాకా డిక్కీకి ఆనుకుని వచ్చి, చెవులు చిల్లులు పడేలా హారన్ మోగించిన జనం ఉన్నట్టుండి పెద్దమనుషులైపోయారు. రెండు కార్ల దూరం వదిలి, నోరెత్తకుండా వస్తున్నారు. పెట్రోలు బంకులో ఎవడో ముక్కూమొహం తెలియనివాడు భుజం తట్టి, "జాగ్రత్త పెద్దాయనా" అన్నాడు. దేనికి జాగ్రత్త?

అదంతా ఒక ఎత్తు, బావమరిది రాకపోకలు ఒక ఎత్తు. వాడు మెకానిక్కు. వచ్చినప్పుడల్లా అక్కాతమ్ముళ్ళిద్దరూ కారు వెనక చేరి గుసగుసలు. ఈయన గడప దాటగానే గప్‌చుప్.

కారు అమ్మేయమని వాడు ఆర్నెల్లుగా చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాడు. కళ్ళ డాక్టరుకు చూపించుకోమని ఈవిడ. కళ్ళు బాగాలేవంటే తాళాలు లాక్కోవచ్చు, అంతేగా వీళ్ళ ఎత్తు! ఆ తాళాలు కూడా పోతే తనకింక మిగిలేదేమిటి? పైగా కారెక్కిందంటే ఆవిడ నోటికి మూత ఉండదు. అదిగో స్కూటరు, ఇదిగో మలుపు, ఎవరో రోడ్డు దాటుతున్నారు... తనకు డ్రైవింగు నేర్పుతుందట!

వెనక బంపరంటే ఈయనకు ప్రాణం. వయసులో ఉన్నప్పుడు రేకుముక్క మీద రంగుతో రాయించి తీగతో కట్టేవారు. తర్వాత కాగితం స్టిక్కర్లొచ్చాయి, ఒక్క వానకే ఊడి చేతికొచ్చేవి. ఎన్నికలప్పుడు పార్టీ గుర్తులు, ఆ తర్వాత కూతురి బడి పేరు, ఎన్ని అంటించాడో! అన్నిటి మీదా పదేళ్ళ కిందట ఒక పసుపు స్టిక్కరు వేశాడు. ఎర్రక్షరాలతో, "హారన్ మెల్లగా కొట్టు, మా ఆవిడ నిద్రపోతోంది" అని. ఆవిడ నెల్లాళ్ళు మాట్లాడలేదు. ఈయన మాత్రం రోజూ పొద్దున్నే దాన్ని తడిగుడ్డతో తుడవందే కాఫీ ముట్టడు.

ఆ ఉదయం ఇద్దరూ దొరికిపోయారు. బావమరిది చెయ్యి బంపరు మీదే ఉంది.

"ఏరా, అమ్మకానికి బోర్డు పెట్టావా?" అంటూ పెద్దాయన మీదికొచ్చాడు.

"మీరే చూసుకోండి బావా."

మూడడుగుల దూరం నుంచి వంగి చూశాడు. అదే పసుపు, అదే ఎరుపు. మరింకేమీ లేదు.

"ఏముంది, నా స్టిక్కరేగా!"

"ఏం రాసుందో చదవండి," అంది భార్య.

"వేళాకోళమా? 'హారన్ మెల్లగా కొట్టు, మా ఆవిడ నిద్రపోతోంది'," అని దర్జాగా చదివేశాడు.

ఎవరూ నవ్వలేదు. బావమరిది తల దించుకున్నాడు.

"అది కాదండీ," అంది ఆవిడ. "'దూరంగా రండి, మా ఆయనకు చూపు ఆనడం లేదు' అని ఉంది. అదే రంగు, అదే కొలత చెప్పి చేయించాను. మీ కంటపడితే నాలుగు తిట్టి డాక్టరు దగ్గరికి వస్తారనుకున్నా. వారమైంది. రోజూ మీరే తుడుస్తున్నారు."

పెద్దాయన గొంతుక్కూర్చుని ముక్కు ఆనేలా చూశాడు. ఎర్రగా ఏదో అలుక్కుపోయినట్టుంది తప్ప ఒక్క అక్షరం నిలబడలేదు. భయమేసింది. వాళ్ళంటే కాదు, వారం రోజుల రోడ్డంటే.

"ఇంత తెలిసీ రోజూ నా పక్కన ఎందుకు కూర్చున్నావే?"

"మీ ఒక్కర్నే పంపిస్తే, ఎదురుగా ఏమొస్తోందో మీకెవరు చెప్తారు?"

పెద్దాయన లేచి తాళాలు బావమరిది చేతిలో పెట్టాడు. "డాక్టరు దగ్గరికి పోనియ్యరా," అని, తన కారులో మొదటిసారి వెనక సీట్లో కూర్చున్నాడు.