నేలకు మూరెడెత్తున

పొద్దున దవాఖానకు బయల్దేరే ముందు కృపామణి తెల్లచీరకు పిన్ను పెట్టుకుని, పిల్లుల కింద ఊడ్చేది. అదేమంత కష్టమైన పని కాదు. మెతూషెల, రాహేలు, లేయా మూడూ మనసు నిమ్మళంగా ఉన్నంతసేపూ నేలకు మూరెడెత్తున, గాలిలోనే తిరిగేవి, పడుకునేవి. పంజగుట్టలో ఆ వాడకట్టు వాళ్లందరికీ తెలిసిన సంగతే. పాలు పోసే బుచ్చమ్మ కూడా "జర జరుగు తల్లీ" అని లేయాను మోచేత్తో నెట్టి, గిన్నె కింద పెట్టేది.

1940లో, ముప్పై ఎనిమిదో ఏట, నర్సు కృపామణికి పెండ్లి కుదిరింది. వరుడు శాంతిరాజు లక్డీకాపూల్‌లో ఒక దఫ్తర్‌లో టైపిస్టు. భార్య పోయి ఆరేళ్లయింది. మెతక మనిషి, ఎవరింటికి పోయినా కుర్చీ అంచునే కూర్చుంటాడు. చర్చి పాదిరి యెషయా అయ్యగారు, మూడు ఆదివారాలు చదవాల్సిన పెండ్లి ప్రకటనను మొదటిసారి చదివిన మర్నాడు, అతను సైకిలు బుట్టలో ఒక కుక్కపిల్లను పెట్టుకుని వచ్చాడు. యుద్ధానికి పోతున్న దొర ఇచ్చి పోయాడట. ఎంత పెరిగినా మోకాలు దాటని జాతి. పేరు బటానీ.

బటానీ గడప దాటగానే మూడు పిల్లులూ ధబ్బున నేలమీద పడ్డాయి. తొమ్మిదేళ్లలో ఆ ఇంట్లో పిల్లుల అడుగుల చప్పుడు వినడం అదే మొదలు. కుక్కపిల్ల గజగజ వణికి, శాంతిరాజు బూట్ల మధ్య ఉచ్చ పోసింది.

"దీన్ని ఎవరికన్న ఇచ్చేస్త," అన్నాడు అతను.

"వార్డుకొచ్చినోళ్లను నేను ఎన్నడు వాపసు పంపలే," అంది కృపామణి, గుడ్డతో నేల తుడుస్తూ. "పదిహేను రోజులియ్యండి."

మొదటి నాలుగు రోజులు బటానీని వంటింట్లో ఉంచి తలుపు వేసింది. అది పడుకున్న గోనెసంచి తెచ్చి పిల్లుల ముందు పరిచింది. మెతూషెల వీపు తుడిచిన గుడ్డ దాని దగ్గర పెట్టింది. ఐదో రోజు నుంచి తలుపుకు అటొక గిన్నె, ఇటొక గిన్నె. తర్వాత తలుపు బెత్తెడు తెరిచింది. ఆ తర్వాత గాయాలకు కట్టే గుడ్డపట్టీని బటానీ మెడకు కట్టి, సాయంత్రాలు దాని కొస శాంతిరాజు చేతికిచ్చి గదిలోకి రానిచ్చింది. రాహేలు బుసకొట్టడం మానింది. లేయా ఒకసారి కుక్కపిల్ల తోకను పంజాతో తట్టి చూసింది. కానీ ఒక్కటీ పైకి లేవలేదు.

"కుక్క భయపడితె పిల్లులు భయపడ్తయి," అంది కృపామణి. "మీరు భయపడితె కుక్క భయపడ్తది. జర వెనక్కి జరిగి కూసోండి."

అతను రెండు వేళ్లంత జరిగి, మళ్లీ అంచుకే వచ్చాడు.

రెండో ఆదివారం అతని అక్క లీలాకుమారి చర్చి బయట తమ్ముణ్ణి పట్టుకుంది. "నీ కుక్కతోని ఆమె ఇల్లు గిట్లయింది. పిల్లులకే ఇంత బరువైతివి, రేపు ఆమెకెంత బరువైతవో చూస్కో."

అతను ఆ మాట కృపామణికి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె నవ్వి పారేసేది.

శనివారం పెండ్లి అనగా గురువారం, ఒక కాన్పు చూసుకుని కృపామణి నాలుగింటికి ఇల్లు చేరింది. బుచ్చమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది.

"ఆయన రెండింటికే వచ్చిండమ్మా. కుక్కను తీస్కపోత అంటె నేనే తాళం తీసిచ్చిన. మొకం మంచిగ లేదు."

లోపల కోటు కొక్కేనికి వేలాడుతోంది. బూట్లు గోడవార ఉన్నాయి. బటానీని ఆడించి ఆడించి నడుం వాల్చినట్టున్నాడు, శాంతిరాజు వెల్లకిలా ఒళ్లెరగని నిద్రలో ఉన్నాడు. బటానీ అతని పొట్టమీద. మెతూషెల గడ్డం బటానీ చెవిమీద. రాహేలు, లేయా చెరో పక్క. అందరూ, శాంతిరాజుతో సహా, నేలకు మూరెడెత్తున ఉన్నారు.

అతని కింద ఒక కవరు పడి ఉంది. జేబులోంచి జారినట్టుంది. యెషయా అయ్యగారి పేరు రాసి, ఇంకా అంటించలేదు. కృపామణి వంగి, చెయ్యి చాపి తీసుకుంది.

'నా వలన ఆమెకు కష్టం కలుగుతున్నది. ప్రకటన రద్దు చేయగలరు. రేపు బటానీని తీసుకొని వరంగల్లు బదిలీ మీద పోతున్నాను. ఆమెకు నా ముఖం చూపలేను.'

రెండుసార్లు చదివింది. గోడకు ఆనుకుని, అతని ఛాతీ లేస్తూ పడుతూ ఉండడం చూసింది. తర్వాత ఆ కాగితంతోనే కుంపటి ముట్టించి చాయ్ పెట్టింది.

చాయ్ వాసనకు అతను మెల్లగా నేలకు దిగి కళ్లు తెరిచాడు. ముందుగా జేబు తడుముకున్నాడు.

"ఇక్కడొక కాయితం ఉండె."

"చదివిన. కుంపట్ల పెట్టిన," అంది కృపామణి, కప్పు అందిస్తూ. "వరంగల్లు ఎవరు పోతున్నరు?"

అతను తలెత్తాడు. పిల్లులు ఇంకా పైనే ఉన్నాయి. వాటి మధ్య బటానీ నిద్రలోనే కాళ్లాడిస్తూ గాలిలో ఒక చుట్టు తిరిగి, లేయా కడుపుకు ముడుచుకుంది.

"ఎవ్వరు పోతలేరు," అన్నాడు.

చాయ్ ఒక గుక్క తాగి, ఆ ఇంట్లో మొదటిసారిగా, ఇంకో చెంచా చక్కెర అడిగి వేయించుకున్నాడు.