తరవాణిలో పొడి

గోవిందరావు కడుపు మంటకు రైల్వే ఆసుపత్రి డాక్టరు తెల్ల పొడి రాసిచ్చి, పొద్దున్నే ఏం తింటావని అడిగాడు. గోవిందరావు తడుముకోకుండా రొట్టె, పాలు అన్నాడు. వర్క్‌షాపులో బాయిలర్ల కింద దూరి పనిచేసేవాడికి పొద్దున్నే రొట్టె ఎక్కడిది. అతను తినేది రాత్రి మిగిలిన అన్నం, తాగేది వాళ్ళమ్మ దాలమ్మ కుండలో పులియబెట్టిన గంజినీళ్ళు, అంటే తరవాణి. బెంగాలీ డాక్టరు ముందు ఆ మాట చెప్పడానికి నామోషీ.

ఆ పొడిని కూడా తరవాణిలోనే కలుపుకునేవాడు. ఇంగ్లీషు మందు వేడి చేస్తుందనీ, తరవాణి చలవనీ ఆ బెంగాలీ ఊరి రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో, శ్రీకాకుళం నుంచి వలసొచ్చిన వాళ్ళ ఇళ్ళన్నిటికీ తెలిసిన వైద్యమే. పొడి పడగానే గ్లాసు బుసబుసా పొంగేది. మందు ఎంత బలమైనదో అని మురిసిపోయి, పొంగు చల్లారకముందే గటగటా తాగేసేవాడు. మంచినీళ్ళతో వేసుకోమని డాక్టరు చెప్పకపోలేదు. తరవాణిలో మాత్రం నీళ్ళు లేవా ఏం అనుకున్నాడు.

మంట తగ్గలేదు సరికదా, కడుపు ఉబ్బరం ఎక్కువైంది. రొట్టె, పాలు తింటూ మందు వేసుకుంటున్నా ఇలా ఉందంటే కడుపు కోయక తప్పదు, కలకత్తా పంపిస్తానన్నాడు డాక్టరు. ఆ మాట విని భార్య హైమవతి వంట మానేసి కూర్చుంది. కోత అంటే గోవిందరావుకీ భయమే. అయినా నిజం చెప్పడానికి నోరు రాలేదు. పరువుగల మనిషి మరి.

దాలమ్మ ఊరుకోలేదు. డాక్టరు బాబును బతిమాలుకుంటానని కొడుకు వెంట బయల్దేరింది. ఆసుపత్రిలో నర్సు ఆలిస్ తెలుగు పిల్ల. డాక్టరు అడిగేవి ఆమె తెలుగులో చెప్పింది.

"మందు దేంతో ఇస్తున్నారు మామ్మా?"

"తరవాణితో తల్లీ. ఇంగిలీసు మందు ఏడి సేస్తాది గదా," అంది దాలమ్మ, మెచ్చుకుంటారేమోనని చూస్తూ.

ఆలిస్ అది బెంగాలీలో చెప్పేసరికి డాక్టరు రాయడం ఆపేశాడు. తరవాణి పులుపు ఆ పొడి బలాన్ని గ్లాసులోనే తినేస్తోంది, కడుపులోకి పోయేది గాలే అన్నాడు. గోవిందరావు వైపు తిరిగి, నువ్వు రొట్టె అన్నావు కదా అని అడిగాడు.

గోవిందరావు చెవులు కాలిపోయాయి. "మా అమ్మ పాతకాలం మనిషి సార్. నేను వద్దంటున్నా బలవంతంగా అందులో కలిపి తాగిస్తుంది," అన్నాడు బెంగాలీలో. అమ్మకు బెంగాలీ రాదనే ధీమా.

డాక్టరు అడగమన్నది ఆలిస్ దాలమ్మ వైపు తిరిగి మెల్లగా చెప్పింది. "అబ్బాయి వద్దన్నా ఎందుకు కలిపిచ్చావని అడుగుతున్నారు మామ్మా."

దాలమ్మ కొడుకు మొహం చూసింది.

"తప్పే బాబూ. ఆడి మాట నాను ఇన్లేదు," అంది.

డాక్టరు మెత్తబడ్డాడు. "ఆవిణ్ణి ఏమీ అనకు. మా అమ్మ కూడా రాత్రి అన్నం నీళ్ళలో నానబెట్టి పాంతాభాత్ పెడుతుంది, నేనూ ఉల్లిపాయ నంజుకుని తింటాను. కడుపులో పుండు మానేదాకా నువ్వు పులుపు ముట్టకు, పొడి మంచినీళ్ళతో వేసుకో. కోత సంగతి తర్వాత చూద్దాం."

కోత తప్పేలా ఉందన్న సంతోషం గోవిందరావుకు అందలేదు. తను దాచింది డాక్టరు కూడా ఇంట్లో తినే తిండే. దానికోసం కన్నతల్లి మీద తప్పు నెట్టాడు. తల ఎత్తకుండా బయటికి నడిచాడు.

గేటు దగ్గర చేపలమ్మే బెంగాలీ ఆవిడ దాలమ్మను పేరు పెట్టి పిలిచింది. దాలమ్మ ఆగి, చేప మొప్ప ఎత్తి చూసి, ధర ఎక్కువ చెబుతున్నావని దెబ్బలాడి, కూతురి పురుడు సంగతి అడిగింది. అంతా బెంగాలీలోనే. పగలంతా వర్క్‌షాపులో ఉండే కొడుకు, అమ్మ బజార్లో ఏ భాష మాట్లాడుతుందో ఏనాడూ కనుక్కోలేదు.

గోవిందరావు సిగ్గుతో చచ్చిపోయాడు. "అమ్మా," అన్నాడు.

"ఇంటికాడ నీ పెళ్ళానికి సెప్పన్లేరా," అంది దాలమ్మ. "నడు."