కుర్చీ అంటే వదిన

పక్షవాతం వచ్చాక మాస్టారికి మాట పడిపోయిందని వీధిలో అందరూ అనుకున్నారు. కానీ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజునే ఆయన మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని, ఎప్పటి గొంతుతోనే, ఒక్క అక్షరం తడబడకుండా భార్యను పిలిచి "గొడుగు ఇవ్వు" అన్నారు.

బయట ఎండ మండిపోతోంది. అయినా ఆవిడ తలుపు వెనక నుంచి గొడుగు తెచ్చి ఇచ్చింది. ఆయన గొడుగు వంక చూశారు, భార్య వంక చూశారు, "గొడుగు! గొడుగు!" అని అరిచి దాన్ని ఎడమ చేత్తో విసిరికొట్టారు.

పక్కనే ఉన్న చెల్లెలికి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే అన్నయ్య కళ్ళలో నీళ్ళు కనిపించాయి. ఆయన చూపు బల్ల మీది సీసా దగ్గర ఆగిందని గమనించి, గ్లాసులోకి నీళ్ళు వంచి అందించింది. గటగటా తాగేశారు.

మాస్టారు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేవారు. ఊళ్ళో ఆయన పేరు మాత్రం చిక్కుముడి మాస్టారు. ఆదివారం పత్రికలో ఆయన రాసే రహస్యలిపి పొడుపులను విప్పడానికి ప్రతి ఇంట్లోనూ కొట్టుకునేవాళ్ళు. పిల్లలు లేరు. ఆయనకంటే పదేళ్ళు చిన్నదైన చెల్లెలు మేడ మీది గదిలో ఉంటూ, మలుపు దగ్గరి మందుల షాపులో పనిచేసేది. "డాక్టర్ల చేతిరాత చదివి మందులిచ్చేదానికి నా పొడుపులు ఒక లెక్కా?" అని ఆయన వేళాకోళం చేసేవారు.

ఆ విద్య ఆమెకు నేర్పింది ఆయనే. చిన్నప్పుడు పచ్చకామెర్లు వచ్చి ఆమె చాలా రోజులు మంచానికి అతుక్కుపోయింది. బడి లేదు, ఆట లేదు. కాలేజీ నుంచి రాగానే అన్నయ్య పలక పట్టుకుని పక్కన కూర్చునేవాడు.

"వర్గాలు వచ్చు కదే బుడంకాయా? క బదులు చ, చ బదులు ట, ట బదులు త, త బదులు ప. ప అయిపోతే చుట్టూ తిరిగి మళ్ళీ క. యరలవలు కదలవు. గుణింతాలు ఎక్కడివక్కడే. ఇప్పుడు 'తాత' రాయి."

ఆమె రాసి చూసుకుని పకపకా నవ్వింది. "అమ్మో, తాత పాపైపోయాడు!"

"'బడి' రాయి."

"గది!"

"చూశావా, బడి మానేసి గదిలో పడ్డావని దానికి కూడా తెలిసిపోయింది."

దాన్ని విప్పడం పసిపిల్లల పని. వర్గాలు ఐదే గనక, నాలుగుసార్లు జరిపి చూస్తే ఏదో ఒకచోట తెలుగు బయటపడుతుంది. తర్వాత వరస లేకుండా ఒక్కో అక్షరానికి ఒక్కో మారువేషం వేశాడు. ఆమె బిక్కమొహం వేసింది. "వేషం మారుస్తారు గానీ నడక మార్చలేరే. మాటల తోకలు చూడు. కొమ్ముతో ముగిసే అక్షరం ఒకటి మాటిమాటికీ వస్తోందా? అది 'లు' అయ్యుండాలి. కాకపోతే 'కు', 'ను', 'డు'. ఒక్కటి దొరికిందంటే మిగతావి గొర్రెల్లా దాని వెనకే వస్తాయి" అన్నాడు. జబ్బు తగ్గి లేచి తిరిగే వేళకి ఆమె మూడోరకం కూడా విప్పగలిగింది. అందులో తాళంచెవి ఒక మాట. దాన్నిబట్టి మొదటి అక్షరం ఒక గడి జరిగితే, రెండోది మూడు, మూడోది రెండు. అంటే ఒకే అక్షరం చోటు మారితే వేషం మారుస్తుంది. రెండుచోట్ల అచ్చంగా ఒకేలా కనిపించే ముక్కలు వెతికి, వాటి మధ్య దూరం కొలిస్తే తాళంచెవి పొడుగు చిక్కుతుంది.

అందుకే, ఆ వారంలో అన్నయ్య ఇంకో రెండుసార్లు నీళ్ళు కావాలని గొడుగు అడిగేసరికి ఆమెకు ఆ పలక గుర్తొచ్చింది.

"వదినా, ఇది మతి చెడ్డ మాట కాదు. నీళ్ళకి గొడుగని మారుపేరు పడిందంతే. వేషం మారింది. మిగతావి కూడా పట్టుకుంటే అన్నయ్య మనకి దొరికిపోతాడు."

వదిన అప్పటికి చాలా అలిసిపోయి ఉంది. ఆయన ఎడమచేతికి పెన్సిలిచ్చి చూసింది. రాత కూడా మాటల్లాగే వచ్చింది. అవునా కాదా అని అడిగితే రెండింటికీ తలూపుతున్నారు. "నీకు పుణ్యముంటుంది, ఏదో ఒకటి చెయ్యమ్మా" అంది.

షాపు నుంచి రాగానే చెల్లెలు అన్నయ్య ఎదురుగా కూర్చునేది. ఆయన ఏదైనా అనగానే, కావలసింది ఏమిటో ఒక్కొక్కటే చూపించి, ఆయన మొహం విప్పారినచోట ఆగేది. షాపులో పారేసే మందుల డబ్బాలను విప్పి, ఆ అట్టల వెనక పెద్ద అక్షరాలతో రాసి, గోడకు అంటించేది. గొడుగు అంటే నీళ్ళు. నిచ్చెన అంటే దుప్పటి. ఉంగరం అంటే కిటికీ. కడిగెయ్ అంటే తీసెయ్. కుర్చీ అంటే వదిన.

గోడ నిండుతున్నకొద్దీ ఇంట్లో వెలుగొచ్చింది. వదిన అట్టలు చూసుకుంటూ ఆయనతో మాట్లాడేది. "నిచ్చెన కప్పనా? ఉంగరం తెరవనా?" అని తనే నవ్వుకునేది. "మన ముగ్గురం నడిబజార్లో ఇలా మాట్లాడుకుంటే రాయి తీసుకుని కొడతారే" అనేది. కుదరని మాటలూ వచ్చేవి. అవి ఆయన నాలుక తడబాట్లని చెల్లెలు వదిలేసేది.

ఒక సాయంత్రం ఆమె షాపు నుంచి వచ్చేసరికి జావ గిన్నె నేల మీద బోర్లా పడి ఉంది. వదిన గోడ దగ్గర నిలబడి ఉంది. అన్నయ్య మంచం మీద ఎర్రబడ్డ మొహంతో అంటున్నారు: "కుర్చీ కడిగెయ్. కుర్చీ... కడిగెయ్, కడిగెయ్!"

వదిన ఒక అట్ట మీద వేలు పెట్టి, ఆ వేలిని ఇంకో అట్ట మీదకు జరిపింది. పిల్లలు పాఠం చదివినంత నెమ్మదిగా చదివింది. "కుర్చీ అంటే నేనే కదా? కడిగెయ్ అంటే తీసెయ్."

చెల్లెలు వంగి గిన్నె తీసింది.

"పొద్దుట్నుంచీ ఇదే మాట. ముద్ద నోటి దగ్గర పెడితే చాలు, ఇదే. చెప్పమ్మా, నువ్వేగా రాశావు. నన్ను ఇక్కణ్ణుంచి తీసెయ్యమంటున్నారు. అంతేనా?"

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అలా అంటే గోడ మొత్తం అబద్ధమైపోతుంది. అన్నయ్య మళ్ళీ జారిపోతాడు. "ఏదో విసుగులో అన్నాడు వదినా. విసుగులో ఎవరైనా అంటారు" అంది చెల్లెలు.

వదిన తలూపింది. నేల తుడిచి, గిన్నె కడిగి పెట్టి, తన దిండూ దుప్పటీ తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆవిడ చాకిరీ ఏదీ మానలేదు. మందులు వేళకి వచ్చేవి, పక్క బట్టలు మారేవి. కానీ ఆయన ఎదుటికి వస్తే చూపు నేల మీదే ఉండేది. తినిపించడం మాత్రం చెల్లెలికి వదిలేసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన తనను ఎన్నడూ పొమ్మనలేదనీ, మనిషికి పైపైన ఉండే మర్యాద పోతే లోపలున్నదే బయటికొస్తుందనీ వంటింట్లో ఒకసారి తనలో తాను అనుకున్నట్టు అంది. అన్నయ్య తిండి తగ్గిపోయింది. గుమ్మం వైపు చూస్తూ ఏదేదో అనేవారు. గోడ మీద లేని మాటలవి.

మాట నేర్పడానికి ఆసుపత్రి నుంచి పంపిన డాక్టరమ్మ ఆ వారంలోనే మొదటిసారి ఇంటికొచ్చింది. వయసు చిన్నదే. గోడ మీది అట్టలన్నీ ఓపిగ్గా చదివింది. తర్వాత వంటింట్లోంచి ఒక చెంచా అడిగి తీసుకుని మాస్టారి ముందు పట్టుకుంది.

"ఇదేంటండీ?"

"రైలు" అన్నారాయన నిస్సంకోచంగా.

సీసా చూపించింది, దువ్వెన చూపించింది, మళ్ళీ చెంచా చూపించింది.

"పిన్నిగారు."

ఇంకాసేపటికి మళ్ళీ చెంచా. ఆయన కాస్త ఆలోచించి, "అదేనండీ, గొడుగు" అన్నారు.

డాక్టరమ్మ చెంచా పక్కన పెట్టి చెల్లెలిని వసారాలోకి పిలిచింది. "చీకట్లో అల్మారాలో చెయ్యి పెడితే ఏది తగిలితే అది బయటికొస్తుంది చూడండి, ఇదీ అంతే. ఆయనకి చెప్పాలనే ఉంది. ఏం తగులుతుందో ఆయనకీ తెలీదు. మనం అనే మాటలు కూడా ఆయనకి సగమే చేరుతున్నాయి. మీరు అనుకుంటున్నట్టు దీనికి తాళంచెవి లేదండీ."

"తాళంచెవి మారుతూ ఉండొచ్చు కదా? చోటుని బట్టి వేషం మారే రకం ఒకటుంది" అంది చెల్లెలు. గొంతు ఆమెకే మొండిగా వినిపించింది.

డాక్టరమ్మ వాదించలేదు. "చూడండి మరి. మీకు నమ్మకం కుదిరేదాకా చూడండి. కానీ ఆ అట్టలు చూసి ఎవరూ ఏ నిర్ణయానికీ రావొద్దు."

చెల్లెలు షాపుకు సెలవు పెట్టింది. అన్నయ్య మాటలను ఫోనులో పట్టి, ఒక్కటీ వదలకుండా, ఈసారి తడబాట్లతో సహా అట్టల మీద రాసింది. ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టింది. ఒకేలా వచ్చిన ముక్కలు వెతికి దూరాలు కొలిచింది. పొద్దునవీ సాయంత్రంవీ వేరుచేసి చూసింది, ఆకలి మీద అన్నవీ తిన్నాక అన్నవీ విడదీసి చూసింది. దూరాలు ఒకదానికొకటి పొంతన లేవు. నీళ్ళకి గొడుగు వచ్చింది, రైలు వచ్చింది, కందిరీగ కూడా వచ్చింది. కుర్చీ అనే మాట ఆమె గదిలోకి వచ్చినప్పుడూ వచ్చింది, పాలవాడు వచ్చినప్పుడూ వచ్చింది, ఎవరూ లేనప్పుడూ వచ్చింది.

ఎప్పుడో ఆయన పొడుపొకటి విప్పి ఆమె గర్వంగా చూపించినప్పుడు అన్నయ్య అన్న మాట గుర్తొచ్చింది. "రెండు ముక్కలు చేతికిస్తే దాన్ని ఎలాగైనా చదవొచ్చే. నీకేది కావాలో అదే కనిపిస్తుంది. పేజీడు చదివినా నిలబడితేనే నమ్ము." తను ఆ పేజీలో నిలబడని మాటలన్నిటినీ ముందే ఏరి పారేసింది. మిగిలినవాటిని చూసి మురిసిపోయింది. ఆ మిగిలినవాటిని చూసి వదిన పక్క గదిలోకి వెళ్ళింది.

ఆమె లేచి అట్టలు ఒక్కొక్కటే పీకింది. కొన్నిటితోపాటు గోడ సున్నం కూడా ఊడింది. అన్నయ్య అది చూస్తూ, ఏదో మెచ్చుకున్నట్టు, "సముద్రం బాగా ఉడికింది" అన్నారు. ఆమె ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన ఎడమచెయ్యి ఆమె జుట్టు మీదకి వచ్చింది. ఓదారుస్తున్నారో, ఇదేమిటని తడిమి చూస్తున్నారో తెలియలేదు.

వదిన వంటింట్లో కూరగాయలు కోస్తోంది. చెల్లెలు గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "నేను రాసిందంతా తప్పు వదినా. అందులో అర్థం లేదు. అసలు దేనికీ లేదు. అన్నయ్య నిన్ను పొమ్మనలేదు. ఆ రోజే నాకు సందేహం రావాల్సింది. నా విద్య ఎక్కడ ఓడిపోతుందోనని నోరు మూసుకున్నాను."

వదిన కత్తి ఆపింది.

"పొమ్మనలేదు" అంది. "అయితే ఉండమనీ అనలేదు. నేను ఎంత చేసినా, ఆ మాట ఇక నాకు రాదన్నమాట."

"రాదు వదినా."

"నీళ్ళిస్తే మొహం విప్పారింది కదే, అది నిజమేనా?"

"అది నిజమే."

వదిన చేతులు కడుక్కుంది. గిన్నెలో జావ పోసుకుని, చల్లార్చి, ఆయన గదిలోకి వెళ్ళింది. ఆయన ఆవిడను చూసి గట్టిగా ఏదో అన్నారు. తిట్టో, ప్రేమో, ఫిర్యాదో. ఆవిడ "సరేలెండి" అంటూ పక్కన కూర్చుని చెంచా అందించింది. ఆ రోజు ఆయన గిన్నె ఖాళీ చేశారు. దిండూ దుప్పటీ మళ్ళీ ఆ గదిలోకి వచ్చాయి. చెల్లెలిని వదిన పల్లెత్తు మాట అనలేదు. కానీ మునుపటిలా జోకులు వేయడం కూడా మానేసింది.

డాక్టరమ్మ వారం వారం వచ్చేది. బొమ్మలు చూపించి, పాత మాటలు పలికించాలని చూసేది. రెండు మూడు మాటలు తిరిగొచ్చినట్టే వచ్చి పోయాయి. వానలు మొదలయ్యాక రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఆ మధ్యాహ్నం భోజనమయ్యాక భార్య చెయ్యి పట్టుకుని, ఆవిడ మొహంలోకి తేరిపార చూసి, ఏదో ముఖ్యమైన సంగతి చెబుతున్నట్టు నెమ్మదిగా ఒక మాటన్నారు. కాసేపటికే కన్నుమూశారు.

ఇల్లంతా జనం. బంధువులు, తోటి మాస్టార్లు, పొడుపులు విప్పే అలవాటుతో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పాఠకులు. ఒక పెద్దావిడ వదిన పక్కన చేరి, "వెళ్ళేముందు ఏమైనా చెప్పాడా తల్లీ?" అని అడిగింది.

"చెప్పారు" అంది వదిన. "'సబ్బులన్నీ నిద్రపోయాయి' అన్నారు."

ఎవరో చెల్లెలి వైపు తిరిగారు. "నువ్వు ఆయన శిష్యురాలివి కదమ్మా. నీకు తెలిసుండాలే. దాని అర్థమేంటి?"

వదిన కూడా తలెత్తి చూసింది. ఆ చూపులో ఆశ ఉంది. ఆమె ఏం చెప్పినా నమ్మేసేలా ఉంది. మంచి మాట ఒకటి చెప్పడం ఎంత తేలిక! సబ్బుకు ఒకటి, నిద్రకు ఒకటి, రెండు అట్టలు చాలు.

"తెలీదండీ" అంది చెల్లెలు.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతవరకూ ఆవిడ కంట తడి లేదని అందరూ చెవులు కొరుక్కుంటున్నారు. ఇప్పుడు భోరుమంది. చెల్లెలు వెళ్ళి పక్కన కూర్చుంది, తాకాలో వద్దో తెలియక. కాసేపటికి వదినే ఆమె భుజం మీదికి ఒరిగింది.