చిలుము వదిలేదాకా

తొట్టిలో నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో ఆమె మోచేత్తో చూసింది, పసిబిడ్డకు స్నానం పోసే ముందు చూసినట్టు. వేడెక్కువైతే ఇత్తడి మీది పూత పొరలుగా లేచిపోతుంది. మరీ చల్లగా ఉంటే లోపలి మడ్డి కదలదు. ముప్ఫైరెండేళ్ళుగా ఆ మోచెయ్యి ఆమెకు తప్పు చెప్పలేదు. సబ్బు కలిపి, మూడు ట్రంపెట్ల గొట్టాలు ఊడదీసి అందులో ముంచి, గోడ గడియారం కేసి చూసింది. తొమ్మిదింపావు.

బ్యాండు వాయిద్యాలు బాగుచేసే ఆ షాపులో అందరూ ఆమెను గొట్టాలక్క అనేవారు. అసలు పేరు ఓనరుకి కూడా ఒక్క క్షణం ఆలోచిస్తేగాని గుర్తు రాదు. సొట్టలు తీసేదీ టంకం పెట్టేదీ మేస్త్రి. వచ్చినవాళ్ళతో మాట్లాడేది ఓనరు. గొట్టాల్లో పేరుకున్న పాచీ, చిలుమూ, జిడ్డూ వదిలించేది ఈవిడ. వాయిద్యం బాగా మోగితే మేస్త్రి చెయ్యి మంచిదంటారు, మెరిస్తే ఓనరు మాట మీద నిలబడ్డాడంటారు. లోపలికి తొంగిచూసేదెవరు గనక!

ఆమె చూసేది. గొట్టాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి ఒక కన్ను మూసి చూసిందంటే, ఊదినవాడి జాతకమంతా చెప్పేది. తీపి టీ తాగి నోరు పుక్కిలించకుండా ఊదేదెవరో, సాధన చేస్తున్నానని ఇంట్లో కోతలు కోసి పెట్టె మూత కూడా తియ్యనిదెవరో ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. ఇంతా చేసి ఆమె ఒక్కనాడూ ఏ బూరా ఊదలేదు. "ఒక్కసారి ఊదక్కా, నీ సొమ్మేం పోయింది?" అని మేస్త్రి ఏడిపిస్తే, "తలుపులు చేసే వడ్రంగి ప్రతి ఇంట్లోనూ కాపురం చేస్తాడా ఏమిటి?" అనేది.

ఊదేవాడు ఆమె తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, ఈమెకు పదకొండు. పీట మీదెక్కి పొయ్యి అందుకుని వాడికి వండిపెట్టింది. వాడు బూర పట్టుకోవడం నేర్చుకుంటే ఈమె దాన్ని తుడవడం నేర్చుకుంది. వాడు పెద్దవాడై బ్యాండులో ముప్ఫై ఏళ్ళు ట్రాంబోను వాయించాడు. గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జారుస్తూ ఊదే పొడుగాటి బూర అది. తండ్రి కూడా పోయాక ఆమె పెళ్ళి మాట ఎత్తవలసినవాడు వాడే. వాడికి ఆ ధ్యాస వచ్చేసరికి ఈమె జుట్టు నెరిసిపోయింది. బాధపడిందా అంటే పడింది, ఎందుకు పడదు? కొన్నాళ్ళు పడి, ఆ తర్వాత తొట్టి ముందు కూర్చుంది.

ఆరేళ్ళ కిందట తమ్ముడి ఊపిరితిత్తులు మొరాయించాయి. బూరను ఏదో స్కూలుకి ఇచ్చేశాడు. ఏ స్కూలో ఎంత అడిగినా చెప్పలేదు, చెబితే వెళ్ళి తెచ్చేస్తావన్నాడు. ఇప్పుడు అరగంట నడక దూరంలో ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. నిన్న సాయంత్రం డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచి, "ఇవాళో రేపో అన్నట్టుందమ్మా" అన్నాడు. వాడు మాత్రం వారం రోజులుగా ఒకటే గొడవ. "ఒక్కసారి నా బూర చేతికొస్తే బాగుణ్ణక్కా. ఊదన్లే, ఊపిరేదీ? ఊరికే జారిస్తా."

పది గంటలకు ఒక స్కూలు నించి ఎనిమిది పెట్టెలు వచ్చాయి. వాటిలో ఒకటి ట్రాంబోనుది. జారుడు గొట్టం సగం లాగిన చోట బిగుసుకుపోయి పెట్టెలో పట్టకపోతే, దాన్ని విడిగా పాత దుప్పట్లో చుట్టి పంపారు. "ఎంత చక్కగా చూసుకుంటారో నాయనలారా" అని గొణుక్కుంటూ ఆమె దుప్పటి విప్పింది. బయటికి వచ్చి ఉన్న లోపలి గొట్టాన్ని అలవాటుగా బొటనవేలితో తడిమింది. ఎడమవైపు, చిక్కుడు గింజంత మేర పూత అరిగిపోయి ఉంది.

ఆమె బొటనవేలితో మళ్ళీ తడిమి చూసింది. తమ్ముడు చిన్నప్పుడు మెట్ల మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అది వంకరగానే అతుక్కుంది. అప్పట్నించీ గొట్టాన్ని తిన్నగా లాగేవాడు కాదు, ఎడమకి ఒరగదీసి లాగేవాడు. "తిన్నగా లాగరా, అరిగిపోతోంది" అని ఆమె పాతికేళ్ళు పోరింది. వింటేనా!

కౌంటరు దగ్గరికి వెళ్ళి ఆస్పత్రికి ఫోను చేసింది. నర్సు ఫోను తీసుకెళ్ళి తమ్ముడి చెవి దగ్గర పెట్టింది.

"నీ బూర దొరికిందిరా."

"నాదేనని ఎలా తెలిసింది?"

"నీ వంకర చెయ్యి నాకు తెలీదట్రా!"

వాడు నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక, "ఎప్పుడు తెస్తావ్?" అన్నాడు.

"నాలుక్కి లోపలికి రానిస్తారుగా. నాలుగింటికల్లా నీ చేతిలో ఉంటుంది."

ఓనరుది ముక్కుమీద కోపమే గాని మనసు చెడ్డది కాదు. "స్కూలుకి ఎల్లుండి కదమ్మా ఇవ్వాలి. ఈ రాత్రికి అక్కడే ఉంచు" అన్నాడు.

ఆమె ట్రంపెట్లను తొట్టిలోనే వదిలేసి ట్రాంబోను ముందేసుకుంది. కీళ్ళ దగ్గర నూనె చుక్కలు వేసి ఆగడం, రవ్వంత అటూ ఇటూ తిప్పడం, మళ్ళీ వేసి ఆగడం. పన్నెండు దాటాక కిర్రుమని కదిలింది. లోపలినించి ఆకుపచ్చ మురుగు కారింది. అటూ ఇటూ జరిపి చూస్తే గరగరమంటూనే జారుతోంది.

మేస్త్రి వచ్చి పక్కన నిలబడ్డాడు. "జారుతోందిగా అక్కా. ఇలాగే పట్టుకుపోరాదూ? ఇప్పుడే వెళ్తే ఆ నర్సు కాదంటుందా?"

"ఈ చిలుము గొట్టమా వాడి చేతికిచ్చేది?"

"ఆయనేమన్నా ఊదబోతున్నాడా?"

"ఊదకపోతే? జారిస్తే ఈ గరగర వినిపించదూ? మా అక్క చేతిలో పడి కూడా ఇలా వచ్చిందేమిటనుకోడూ?"

మేస్త్రి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆమె తమ్ముడికి ముద్దులు పెట్టి పెంచిన మనిషి కాదు, మంచి మాట కూడా తిట్టులాగే చెప్పేది. వాడి కోసం ఆమెకు చేతనైనదల్లా ఇదొక్కటే. దీన్ని సగంలో ఆపి వాడి ముందుకు వెళ్ళడం ఆమెకు చేతకాలేదు.

గొట్టం లోపల తుడవడానికి పొడవాటి కమ్మీ ఉంటుంది, చివర సూదికున్నట్టు బెజ్జం. అందులో గుడ్డపీలిక దూర్చి, కమ్మీకి చుట్టి లోపలికి తోస్తారు. పలచగా చుట్టాలి, పీలిక మార్చి మార్చి నాలుగైదుసార్లు తుడవాలి. మందంగా చుడితే లోపలే ఇరుక్కుంటుంది. అవతలి చివర గొట్టం వంపు తిరిగి ఉంటుంది కనక అటునించి తొయ్యడానికీ దారి లేదు. షాపులో చేరిన ప్రతివాడికీ మొదటిరోజే ఆమె చెప్పే మాట: "నిదానమే ప్రధానం. ఇంకో చుట్టు చుడదామనిపించినప్పుడు ఆగు."

రెండున్నరకి, నాలుగు తుడుపుల పని రెండింట్లో తేలిపోతుందని, ఆమె ఇంకో చుట్టు చుట్టింది.

సగం దాకా బాగానే వెళ్ళింది. తర్వాత ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. మేస్త్రి వచ్చి చూసి, "నువ్వేనా అక్కా?" అన్నాడు గాని నవ్వలేదు.

"వేడి పెట్టి లాగెయ్యనా?"

"వద్దొద్దు. టంకం కరిగి గొట్టం పక్కకి తప్పుకుందంటే ఇక జన్మలో జారదు."

మళ్ళీ నూనె. మళ్ళీ ఆగడం. గోరంత తిప్పడం. గడియారం మాత్రం ఆగలేదు. నాలుగైంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి, మోచేత్తో తుడుచుకుంది. "కాస్త ఆలస్యమవుతుందని, తెస్తున్నానని చెప్పండి బాబూ" అని ఓనరుని బతిమాలింది. ఆయన ఫోను చేసి, "చెప్తానందమ్మా నర్సు. నువ్వు కంగారు పడకు" అన్నాడు. కంగారు పడకుండా ఎలా ఉంటుంది? కంగారు పడబట్టేగా ఇంత దాకా వచ్చింది. ఆ మాట తనలో తనే అనుకుని తనను తానే తిట్టుకుంది.

పావుతక్కువ ఐదుకి కమ్మీ బయటికి వచ్చింది, పీలిక మసిగుడ్డలా ఉంది. ఈసారి ఆమె తొందరపడలేదు. పలచగా చుట్టి మూడుసార్లు తుడిచింది, కడిగింది, ఆరబెట్టింది, వేలి కొసతో వెన్నలాంటి జిడ్డు రాసి పైన నాలుగు నీటి చుక్కలు చల్లింది. రెండు గొట్టాలూ కలిపి నిలువుగా పట్టుకుని కిందిదాన్ని వదిలింది. చప్పుడు లేకుండా, దాని బరువుకి అదే దిగింది. ఆ ఒక్క క్షణం ఆమెకు సంతోషమే తప్ప మరేమీ తెలియలేదు.

మేస్త్రి అప్పటికే స్కూటరు తీసి ఉంచాడు. వెనక కూర్చుని పెట్టెను రెండు చేతులా ఒళ్ళో పొదివి పట్టుకుంది. "ఆలస్యం అమృతం విషం అంటారు, కాస్త తొందరగా పోనీ నాయనా" అంది. మేస్త్రి రెండు చోట్ల ఎర్ర దీపం కూడా దాటించాడు. ఐదింపావుకి ఆస్పత్రి మెట్లెక్కింది.

తమ్ముడి మంచం చుట్టూ తెర లాగి ఉంది. పొద్దున తమ్ముడి చెవి దగ్గర ఫోను పెట్టిన నర్సు బయటే నిలబడి ఉంది. ఆమెను చూడగానే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"అరగంటైందమ్మా. నిద్రలోనే వెళ్ళిపోయారు. బాధపడలేదు."

ఆమెకు ఆ మాట అర్థమై కూడా, "బూర తెచ్చాను" అంది.

నర్సు తెర తప్పించింది. తమ్ముడు గుమ్మం వైపు తల తిప్పుకుని ఉన్నాడు. ఆమె పెట్టె కింద పెట్టి మంచం అంచున కూర్చుంది. వాడి చెయ్యి తీసుకుంది. ఇంకా పూర్తిగా చల్లబడలేదు. మధ్యాహ్నమే తేవలసింది. మేస్త్రి చెప్పనే చెప్పాడు. గరగరమంటే మాత్రం ఏమయ్యేది! వాడికి కావలసింది బూర, మెరుపు తనకి కావలసి వచ్చింది. "అయ్యో నాయనా, నా చాదస్తం మండిపోనూ" అని నోరు నొక్కుకుని ఏడ్చింది. పక్క మంచాలవాళ్ళు తలలు తిప్పుకున్నారు.

చాలాసేపటికి నర్సు మెల్లగా అంది: "ఆలస్యమవుతుందని చెప్తే నవ్వారమ్మా. మా అక్క అంతే, చిలుము వదిలేదాకా ఆ గొట్టం వదలదు, రానీ, అప్పుడు చూడు ఎలా జారుతుందో అన్నారు. పొద్దున మీ ఫోను అవగానే నాకో పని కూడా చెప్పారు. గొట్టం మీద నీళ్ళు చల్లితేగాని నున్నగా జారదట, ఏదన్నా సీసా చూడమని ఒకటే పోరు."

ఆమె తలెత్తి చూసింది. మంచం పక్క బల్ల మీద, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా, ఒక చిన్న మందు సీసా ఉంది. మూతకి సూదితో ఐదారు బెజ్జాలు పొడిచి ఉన్నాయి, లోపల మెడ దాకా మంచినీళ్ళు నింపి ఉన్నాయి.